తొమ్మిదో ఇంటి పలక

కాసులమ్మ లారీ కింద వెల్లకిలా పడుకుని, ఎడమ చేతి తొడుగు తీసేసి, ఆయిల్ చాంబర్‌ను చేతి వెనకవైపుతో తాకి చూసింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టే చూసింది. ఇనుము ఇంకా చల్లగానే ఉంది. దాని కింద మూడు వెచ్చపలకలు పక్కపక్కనే ఉన్నాయి. పీట అంత ఉండే ఒక్కో పలక పగలంతా గాలిమర దగ్గర వేడి తాగి, రాత్రంతా ఇంటికి వదులుతుంది. మామూలు రోజుల్లో అయితే ఈపాటికి చాంబర్ గోరువెచ్చన కావాలి.

"ఎలాగున్నాది?" పైనుంచి అడిగింది చిలకమ్మ. కాసులమ్మ మొగుడు మత్స్యరాజుకి ఆవిడ అక్క.

"రాయిలాగున్నాది వదినా."

"నూనె?"

"పేరుకున్న నెయ్యే. చెంచా పెడితే నిలబడుతుంది."

చిలకమ్మ నాలుక చప్పరించింది. షెడ్డు గోడకి వేలాడుతున్న చలికొలత సున్నాకి కింద పదకొండు చూపిస్తోంది. గొడుగు విప్పి ముప్పై ఏళ్లవుతోంది. ఆకాశంలో ఎక్కడో పరిచిన ఆ సన్నటి పొర అప్పట్లో లోకాన్ని ఎండ నుంచి కాపాడింది. లంబసింగి కొండలకి మాత్రం ఏటా నాలుగు నెలల తెల్లకాలాన్ని తెచ్చింది. అయినా పదకొండు ఎప్పుడూ చూడలేదు. లారీ తాగే కానుగ నూనె అంత చలికి పుట్టింది కాదు.

లారీ పేరు గున్న. పేరుకే పిల్ల ఏనుగు, వయసు మాత్రం కాసులమ్మ కన్నా రెండేళ్లే తక్కువ. ఏదో చలిదేశంలో ఇరవై ఏళ్లు మంచు తోసి, ఓడలో విశాఖ దిగి, మొదటి తెల్లకాలంలో ఈ కొండెక్కింది. స్టీరింగు ఎడమవైపు. తలుపు మీద అక్షరాలు ఎవరికీ రావు. రేడియేటర్ కారితే కాసులమ్మ పసుపు పోసేది. చక్రాల గొలుసుల్లో ఒకదానికి సగం నూతి గొలుసే. ముందున్న మంచుపార అంచు అరిగినప్పుడల్లా పాత లారీ పట్టీలు కోసి బిగించేది. విడిభాగాలు దొరకవు, చేసేవాళ్లు లేరు. చలిలో ఇంజను వేడిచేసే యంత్రం కాలిపోయి ఆరేళ్లయింది. అప్పటినుంచీ ఈతలబంద ఊళ్లో ఒక వంతు నడుస్తోంది. రోజుకి మూడిళ్లవాళ్లు తెల్లవారుజామున తమ పలకలు తెచ్చి గున్న కింద పెడతారు. ఆ గంటసేపూ పిల్లల్ని తీసుకుని పక్కింటికి పోయి కూర్చుంటారు. దారులూ ఊళ్లూ లెక్క చూసే యంత్రం, పట్టిక, ఆరింటికి గణన చేసేలోపే ఎవరి పలక వాళ్ల ఇంటికి చేరిపోతుంది. అలిగినా, తగవులున్నా వంతు మాత్రం తప్పించరు. పోయినేడు బొజ్జన్న పెళ్లాం తోటికోడలితో మాట్లాడటం మానేసి కూడా ఆవిడింట్లోనే గంటసేపు మూతి ముడుచుకుని కూర్చుని వచ్చేది.

కాసులమ్మ బయటికి వచ్చి క్యాబిన్ ఎక్కి తాళం తిప్పింది. గున్న ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

"వద్దు, బ్యాటరీ పోతాది," అన్నాడు మత్స్యరాజు. షెడ్డు గుమ్మంలో దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్నాడు. మొహం ఉబ్బింది, గురువారం కదా. సోమవారం, గురువారం ఎనిమిదింటికల్లా అతను చింతపల్లి వైద్యశాలలో రక్తం కడిగే కుర్చీలో ఉండాలి. వంతు తప్పితే ఆ కుర్చీ వేరేవాళ్లకి పోతుంది, మళ్లీ సోమవారమే.

"నువ్వెందుకొచ్చావు మావా చలిలో? లోపల కూచో."

"నా బండి దగ్గుతుంటే లోపలెలా కూచుంటాను?" పద్దెనిమిదేళ్లు గున్నని తోలినవాడతను. ఇప్పుడు స్టీరింగు తిప్పే బలం లేదు. చెవి మాత్రం ఉంది. "దగ్గు గొంతులోనే ఉన్నాది. గుండెకి దిగలేదు. ఇంకొంచెం వేడి పెడితే లేస్తాది."

చిలకమ్మ తల తిప్పి వీధిలోకి అరిచింది. "ఒసేయ్, మిగతా పలకలూ తెండర్రా! మా తమ్ముడికి ఈవేళ కుర్చీ రోజు!"

ఐదు నిమిషాల్లో మిగతా ఆరు ఇళ్లూ కదిలాయి. ఆడవాళ్లు పసిబిడ్డల్ని ఎత్తుకున్నట్టు పలకల్ని చీర చెంగుల్లో చుట్టుకుని వచ్చారు. తొమ్మిదోది కాసులమ్మ ఇంటిదే, మత్స్యరాజు మోసుకొచ్చాడు. నాలుగు చాంబర్ కింద, ఐదు నూనె ట్యాంకు చుట్టూ. ఇళ్లలో వేడి లేదు కాబట్టి పిల్లాజెల్లా షెడ్డులోనే చేరారు. ఎవరో రాగి అంబలి తపేలా తెచ్చారు. ఒకడు బానెట్ మీద చెయ్యి వేసి, "లెగు తల్లీ, లెగు, నీకు బెల్లం పెడతాను," అని బతిమాలాడు. నవ్వుల్లో ఎవరూ గంట చూసుకోలేదు. ఆరయింది. ఆరుంబావయింది.

ఆరూ ఇరవైకి గున్న లేచింది. షెడ్డంతా కానుగ వాసన కమ్మేసింది. దీపాలు ఆర్పాక వచ్చే వాసనలాంటిదే, ఇంకాస్త ఘాటు. చిలకమ్మ తమ్ముణ్ణి క్యాబిన్‌లోకి తోసి, తొమ్మిదో పలక అతని కాళ్ల కింద సర్ది, మెడ చుట్టూ తువ్వాలు బిగించింది.

"ఊపిరాడనియ్యవేటే అప్పా?"

"నోరుమూసుకుని ఎల్లు. అంబలి డబ్బా మర్చిపోకు కాసులూ, ఆకలేసినా చెప్పడు ఈడు."

చింతపల్లి పెద్దరోడ్డు దాకా ఆరు కిలోమీటర్ల దిగుడు, పదకొండు మలుపులు. కాసులమ్మ పార దించింది. మంచు పార మీంచి పొర్లి లోయలోకి పడుతుంటే, అట్లపిండి పెనం అంచు దాటినట్టుంది. మత్స్యరాజు కళ్లు మూసుకుని ఇంజను వింటున్నాడు.

"మూడో గేరులో గరగర అంటోంది."

"నెల నుంచీ అంటోంది. నువ్వు ఈవేళ విన్నావు."

"నెల నుంచీ వింటన్నాను. ఈవేళ చెప్పాను."

ఏడో మలుపు దగ్గర, క్యాబిన్ కప్పుకి బిగించిన పెట్టె పలికింది. పట్టిక గొంతు ఎప్పుడూ ఒకేలా, మర్యాదగా ఉంటుంది.

"దారి పద్నాలుగు, ఈతలబంద. ఆరు గంటల గణనలో ఇళ్లు తొమ్మిది, జనం సున్న. పలకలన్నీ ఒకే చోట చేర్చబడ్డాయి. గ్రామం ఖాళీ అయినట్టు నమోదైంది. దారి మూత. దయచేసి పార ఎత్తండి. యంత్రాన్ని చింతపల్లి ఆవరణలో అప్పగించండి. ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలు."

కాసులమ్మ కాలు బ్రేకు మీదికి పోయింది. చక్రాల గొలుసులు కిర్రుమన్నాయి.

పట్టిక మనుషుల్ని చూడదు. చూడొద్దని మనుషులే ఎప్పుడో ఓట్లేసి ఒప్పించారు. పలక ఎక్కడుంటే అక్కడ ఇల్లుందని, వెచ్చదనం ఎంతుంటే జనం అంతమందని దానికి తెలుస్తుంది. ఊరు ఖాళీ చేసేవాళ్లు పలకలన్నీ ఒకచోట పేర్చి వెళ్తారు. అది దానికి తెలిసిన సంగతే. తొమ్మిదిళ్లవాళ్లు తమ ఇళ్లు చల్లబరుచుకుని ఒక లారీకి వేడి పెడతారన్నది మాత్రం ఎవరూ దానికి చెప్పలేదు. చెబితే వంతు ఆపించేస్తారని.

"ఆరు దాటిపోనాదే," అన్నాడు మత్స్యరాజు మెల్లిగా. "ఎవరం చూసుకోలేదు."

కాసులమ్మ దారిపోస్టు మీట నొక్కింది. చింతపల్లిలో ఉండే గోపాలం పలికాడు. పట్టిక పక్కన కూర్చునే ఒకే ఒక్క మనిషి అతను.

"చూశానక్కా. ఇప్పుడే చూశాను. ఏటి చేశారర్రా మీరు?"

"గున్న లేవలేదు. పలకలన్నీ పెట్టాం. ఇప్పుడు ఎవరిళ్లకి వాళ్లు పట్టుకుపోయుంటారు. మళ్లీ లెక్కపెట్టమని చెప్పు గోపాలం."

"మూసిన ఊరిని తెరవాలంటే తెల్లకాలం అయిపోవాలక్కా. నా చేతిలో లేదు. తొమ్మిదింటికి పట్టిక చీమలొచ్చి పెద్దరోడ్డు మీది మంచు అంతా మీ దారి మొదట్లో పోసేస్తాయి. మూసిన దారుల్లోనే పోస్తాయి కదా. రేపు పై నుంచి జనాన్ని దింపడానికి ఎగిరేబండి వస్తాది."

"దింపి?"

"ఒంట్లో బాగోనోళ్లని నర్సీపట్నం వెచ్చశాలకి. మిగతావాళ్లని పని ఉన్న చోటికి."

మత్స్యరాజు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాసులమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. ఇద్దరికీ ఆ మాట కొత్త కాదు. మూడేళ్ల కిందట పక్క కొండ ఊరిని అలాగే దింపారు. ఆ ఊరి మొగుడూపెళ్లాలు ఒకరు నర్సీపట్నంలో, ఒకరు తుని అవతల ఉండి, వారానికోసారి తెర మీద చూసుకుంటున్నారు.

ఏడూ పదికి దారి మొదలు చేరారు. పెద్దరోడ్డు నల్లగా, శుభ్రంగా ఉంది. మోకాలెత్తు ఇనుప చీమలు, పట్టిక పంపే మంచుయంత్రాలు, బారు కట్టి లంబసింగి వైపు నుంచి మంచు తోసుకుంటూ వస్తున్నాయి. ఇంకా దూరంలోనే ఉన్నాయి.

"వెచ్చగా ఉన్నదాన్ని చీమలు తొయ్యవు," అన్నాడు మత్స్యరాజు. "మొదటేడు ఎవరిదో దూడని కప్పెట్టేశాక ఆ కట్టడి పెట్టారు. గున్నని ఇక్కడే అడ్డంగా పెట్టు. ఇంజను ఆపకు. ఆపితే మళ్లీ లేపడానికి తొమ్మిది పలకలు కావాలి."

"మరి నీ కుర్చీ?"

"పాలబండి వస్తాది. ఎక్కి పోతాను."

ఐదేళ్లుగా ఒక్కసారి కూడా అతను ఒంటరిగా వెళ్లలేదు. సూది గుచ్చేటప్పుడు ఆమె అతని ఎడమ చేతి చిటికెన వేలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. లేకపోతే ఎదిగిన మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. నర్సులందరికీ తెలుసు, నవ్వుతారు కూడా.

"ఈవేళ నా వేలు నేనే నొక్కుకుంటానులే," అన్నాడు, ఆమె అడక్కుండానే.

పాలబండి వచ్చింది. క్యాన్ల మధ్య చోటు ఉంది. కాసులమ్మ పలక ఎత్తి అతని ఒళ్లో పెట్టబోయింది. అతను తిరిగి సీటు మీదే పెట్టేశాడు. "గున్నకి ఉంచు. నాకు క్యాన్లలో పాలు వెచ్చగానే ఉంటాయి."

"పాలు వెచ్చగా ఎక్కడుంటాయి, ఐసుగడ్డలాగుంటాయి."

"అయితే నీ మీద కోపం వెచ్చగా ఉంటాది. పో, బండి అడ్డం పెట్టు."

పాలబండి మలుపు తిరిగేదాకా చూసి, ఆమె గున్నని దారికి అడ్డంగా నిలిపింది. అంబలి డబ్బా అతని చేతికివ్వడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

తొమ్మిదింటికి చీమలు వచ్చాయి. మొత్తం పదకొండు. మొదటిది గున్న చక్రం దాకా వచ్చి, ముందున్న రెండు మీసాలు చాపి, ఆగింది. వెనకవన్నీ ఆగాయి. వాటి ముందు మంచు గుట్టపడింది.

"యంత్రం పద్నాలుగు," అంది పెట్టె. "మీరు మూసిన దారి మీద ఉన్నారు. దయచేసి తొలగండి. తొలగలేకపోతే పది గంటలకు లాగుడు యంత్రం వస్తుంది."

కాసులమ్మ పలకని ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. ఏడవాలనిపించింది గానీ, ఏడిస్తే అద్దం లోపలివైపు మంచు పట్టేస్తుందని ఊరుకుంది. తుడిచే బట్ట కోసం వెతికితే మత్స్యరాజు తువ్వాలు దొరికింది. చిలకమ్మ బిగించిన తువ్వాలే, మెడ నుంచి తీసి ఇక్కడే పడేసి పోయాడు మొండివాడు. దాన్ని మడతపెట్టి పక్కన పెట్టింది. క్యాబిన్‌లో ఇంకా అతని మందుల సంచి ఉంది, సీటు కింద ఉప్పు డబ్బా, పసుపు డబ్బా, సూదీ దారం, ఇద్దరికీ రెండు గ్లాసులు. అతను తోలిన రోజుల్లో అద్దం పక్కన అంటించిన కూతురి చిన్నప్పటి ఫోటో, సగం వెలిసిపోయింది.

పదికి ఐదు నిమిషాలుందనగా గోపాలం గొంతు వచ్చింది. ఈసారి మెల్లగా, కాగితం చూసి చదువుతున్నట్టు.

"అక్కా, కట్టడి ప్రకారం అడగాలి కాబట్టి అడుగుతున్నాను. మూసిన ఊరిని నేను తెరవలేను. కొత్త ఇల్లు రాయాలంటే మాత్రం ఏ రోజైనా రాయొచ్చు. ఇంటికి పలక ఉండాలి, పలక పక్కన మనిషి ఉండాలి, ఆ మనిషి తన నోటితో చెప్పాలి. ఇక్కడ నాకు తొమ్మిదో పలక కనిపిస్తోంది. మీరిప్పుడు బండిలో ఉన్నారా, ఇంట్లో ఉన్నారా?"

"తప్పు చెబితే నీకేటవుతాది?"

"నన్నూ అడుగుతారు. అడిగితే మీరు చెప్పిందే చెబుతాను. ముందు మీరు చెప్పండి."

కాసులమ్మ ఇన్నేళ్లలో పట్టికతో అబద్ధం ఆడలేదు. ఏ ఉదయమూ తోసిన మంచుని ఒక్క మూర ఎక్కువ చేసి చెప్పలేదు. ఆమె తువ్వాలు కేసి చూసింది. రెండు గ్లాసుల కేసి చూసింది. కింద ఇంజను చప్పుడు వింటూ, పైన కొండ మీద ఉన్న ఇంటిని తలుచుకుంది. నిన్న రాత్రి అన్నం వండుకున్న ఇల్లు. ఇవాళ పొద్దున అందులోంచి వేడినంతా తామే మోసుకొచ్చి ఈ బండిలో పెట్టారు.

"ఇంట్లో ఉన్నాను," అంది.

పలకని ఒళ్లో ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"దారి పద్నాలుగు, మొదలు," అంది పట్టిక. "ఇల్లు ఒకటి. జనం ఒకరు. ఇంటికి దారి ఉండాలి. మూత నిలిపివేయబడింది. లాగుడు యంత్రం, ఎగిరేబండి రద్దు." కాస్త ఆగి మళ్లీ, "ఇంటికి చక్రాలు ఉన్నట్టు నమోదు. నమోదు సరిచూడవలసి ఉంది."

గోపాలం నవ్వు ఆపుకోలేక మీట కట్టేశాడు.

చీమలు వెనక్కి తిరిగి, పోగేసిన మంచుని బొరియలోంచి మన్ను తీసినట్టు తీసి, అవతలి లోయ వైపు తోసుకుపోయాయి. ఇంటి ముందు ఎంత శుభ్రం చేస్తాయో గున్న ముందు అంత శుభ్రం చేశాయి. తర్వాత వెళ్లిపోకుండా రోడ్డు పక్కన వరసగా నిలబడ్డాయి, తర్వాతి మాట కోసం.

మధ్యాహ్నానికి నూనె ముల్లు అడుక్కి దిగింది. కాసులమ్మ ఇంకో గంట లెక్కవేసుకుంటూ ఉంటే, మలుపు మీంచి చిలకమ్మ వచ్చింది, వెనక ముగ్గురు ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ సీసాలు.

"ఊరి చివర బండ మీంచి చూస్తే కదలకుండా ఉన్నాది మన గున్న. మా తమ్ముడికేదైనా అయిందో, నూనె అయిపోయిందోనని చచ్చాను కదే!"

కాసులమ్మ జరిగింది చెప్పింది. చిలకమ్మ విని, నడుం మీద చేతులు పెట్టుకుని లారీని ఎగాదిగా చూసింది.

"ఇల్లంట. గడప ఏదే దీనికి? పసుపు రాయొద్దేటి?" అంది. అని నిజంగానే సీటు కింద డబ్బాలోంచి పసుపు తీసి, క్యాబిన్ మెట్టు మీద మంచుతో తడిపి నాలుగు గీతలు గీసింది. తర్వాత దీపాల కోసం దాచుకున్న కానుగ నూనెని, ఊరగాయ జాడీకి కట్టే పలచటి గుడ్డలో వడగట్టి, ఇంటింటి సీసా ట్యాంకులో పోశారు. చీకట్లో కూర్చుంటామని ఎవరూ అనలేదు. పొయ్యడం అయ్యాక నలుగురూ ఎక్కేవాళ్లే గానీ, చిలకమ్మ వద్దంది. "ఆడొచ్చేసరికి మీ ఇద్దరే ఉండండి. మేము నడుచుకుంటూ పోతాం. దారి మీరు తోసిందే కదా, మెత్తగా ఉన్నాది."

రెండున్నరకి తిరుగు పాలబండి వచ్చి ఆగింది. ఖాళీ క్యాన్లు గలగలమన్నాయి. కాసులమ్మ అద్దంలోంచి చూసింది. మత్స్యరాజు దిగాడు. మొహం వాపు తగ్గి, కొంచెం పాలిపోయి, తేలిగ్గా ఉంది. చేతికి కట్టు. అతను గున్న చుట్టూ నడిచి, చీమల వరస చూసి, క్యాబిన్ మెట్టు మీద పసుపు గీతలు చూసి నిలబడిపోయాడు. గోపాలం చింతపల్లిలో చెప్పే ఉంటాడు. నవ్వు ఆపుకుంటూ, తలుపు మీద వేళ్లతో తట్టాడు.

"ఇంట్లో ఎవరున్నారమ్మా?"

ఆమె తలుపు తీసింది. అతను జోళ్లు విప్పి కింద వదలబోయాడు, అలవాటు కొద్దీ. "ఎక్కు మావా, చాల్లే," అని చెయ్యి పట్టుకుని లాగింది. ఎడమ చెయ్యి. చిటికెన వేలి మీద గోరు దిగిన గుర్తు ఎర్రగా, చంద్రవంకలా ఉంది. ఆమె దాని మీద బొటనవేలు పెట్టి ఉంచింది.

"కళ్లు తిరిగాయా?"

"తిరగలేదు." కాసేపాగి అన్నాడు, "కొంచెం తిరిగాయి."

అంబలి డబ్బా తెరిచి అతని చేతిలో పెట్టింది. పలక అతని కాళ్ల కింద సర్దింది.

"ఇల్లు ఒకటి," అంది పెట్టె. "జనం ఇద్దరు."

కాసులమ్మ గేరు వేసి, పార దించి, గున్నని కొండ వైపు తిప్పింది. మూడో గేరులో గరగర వినిపించింది. ఇద్దరూ విన్నారు.

"ఇల్లు కదులుతోంది," అంది పట్టిక. కొంచెం ఆగి, తనని తానే నమ్మలేనట్టు, "ఇల్లు కదులుతోంది," అని మళ్లీ అంది. దారిపోస్టులో గోపాలం మీట కట్టేసే ఉంచాడు.

మొదటి మలుపు దగ్గర మత్స్యరాజు ఆమె మోచెయ్యి తాకి, అద్దంలోకి చూడమని సైగ చేశాడు. ఇంటికి దారి ఉండాలన్న ఒక్క కట్టడి తప్ప ఇంకేమీ తెలియని పదకొండు చీమలు, పెద్దరోడ్డు వదిలేసి, గున్న వెనకాలే బారు కట్టి, పార వదిలేసిన అంచుల్ని ఒత్తుకుంటూ ఈతలబంద కొండెక్కుతున్నాయి.